శాతాలు, వడ్డీ లెక్కలు సూత్రంతో చేసేస్తున్నారు, డబ్బు సంగతి మాత్రం పట్టుబడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఏడో తరగతి లెక్కలు)

నమస్కారమండి. పిల్లలకు బారువడ్డీ సూత్రం కంఠతా వచ్చు, అంకెలు వేసి జవాబు తెచ్చేస్తారు. కానీ "20 శాతం తగ్గింపు, ఆపైన మరో 10 శాతం" అంటే తరగతంతా 30 అంటుంది. ధర 25 శాతం పెరిగి, మళ్లీ 25 శాతం తగ్గితే మొదటి ధరకే వచ్చిందంటారు. పొదుపు, అప్పు, వాయిదాల కోసం విడిగా పీరియడ్ లేదు, ఉన్న పాఠాల్లోనే కలపాలి. దేన్ని ఏ పాఠంలో పెడితే నిలుస్తుంది? చిన్న తరగతులకు పనికొచ్చేవి ఉన్నా చెప్పండి.

జవాబు (పలక బలపం)

మీరు చెప్పిన రెండు తప్పులకూ మూలం ఒక్కటేనండి: శాతం దేనిలో అన్నది పిల్లలు అడగరు. లెక్క మొదలెట్టే ముందు ప్రతి శాతం పక్కనా "దేనిలో?" అన్న గడి గీయించి, అది నింపాకే కూడికలకు వెళ్లనివ్వండి.

ఇంకో మాట, ధర 100 అని ఇవ్వకండి. 100 అయితే శాతమూ మొత్తమూ ఒకే అంకె అవుతాయి, తప్పు కనబడదు. 800 ఇవ్వండి. మొదటి తగ్గింపు 800లో 20 శాతం, అంటే 160. మిగిలింది 640. రెండోది 640లో 10 శాతం, 64. చివరికి 576. మొత్తం తగ్గింది 224, అంటే 800లో 28 శాతం. ఆ తర్వాత తగ్గింపులను తారుమారు చేసి చేయమనండి. మళ్లీ 576 వస్తుంది. ఎందుకని వాళ్లే అడుగుతారు, 0.8 × 0.9 చెప్పడానికి అదే సమయం.

అదే 800 మీద 25 శాతం పెంచితే 1000. వెనక్కి రావాలంటే 200 తగ్గాలి. అది 1000లో 20 శాతమే.

జవాబు (చుక్క తర్వాత)

శాతాలకంటే ముందు దశాంశాలు సరిచూడండి. వంద చిన్న నాణేలు ఒక పెద్ద నాణెమైతే, 7.05ని పిల్లలు "ఏడు, ఐదు" అని చదువుతారు. చుక్కకు అటొక సంఖ్య, ఇటొక సంఖ్య అనుకుంటారు. కాలిక్యులేటర్ 7.5 చూపిస్తే దాన్నీ ఏడు పెద్దవి, ఐదు చిన్నవి అనే రాస్తారు. డబ్బు రెండు స్థానాల దగ్గరే ఆగుతుంది కాబట్టి ఈ పొరపాటు చాలాకాలం దాగి ఉంటుంది.

బయటపెట్టాలంటే మూడో స్థానం కావాలి. 400 మిల్లీలీటర్ల సీసా 90, 650 మిల్లీలీటర్లది 150. ఏది చవక? మిల్లీలీటరుకు 0.225, 0.231. పెద్దది కొంటే కలిసొస్తుందన్న నమ్మకం కూడా ఇక్కడే పోతుంది.

చిన్నపిల్లలైతే ఎక్కువ నాణేలుంటే ఎక్కువ డబ్బు అనుకుంటారు. ఒక పది నాణెం, ఆరు ఒకట్లు ముందు పెడితే ఆరింటినే తీసుకుంటారు. పది ఒకట్లు పోగవగానే ఒక పదికి మార్చుకునే ఆట రోజూ ఆడించండి. చిల్లర ఇవ్వడం తీసివేతగా వద్దు. 100లోంచి 63 తీసేటప్పుడు అప్పు తెచ్చుకోవడంలో తడబడతారు. 63 నుంచి పైకి లెక్కపెట్టించండి: 2 ఇస్తే 65, 5 ఇస్తే 70, 10కి 80, 20కి 100. ఇచ్చినవి కూడితే 37.

జవాబు (అసలు, వడ్డీ)

మొదటి జవాబులోని "దేనిలో?" గడి అప్పుల దగ్గర ఇంకా అవసరం. 12000 అప్పు, ఏడాదికి 10 శాతం, మొత్తం మీద వడ్డీ 1200, నెలకు 1100 చొప్పున 12 వాయిదాలు. పిల్లలు 10 శాతం వడ్డీయే అంటారు, సూత్రమూ అదే చెబుతుంది. కానీ ఆ 12000 ఏడాది పొడుగునా చేతిలో ఉండదు కదా! అసలు నెలకు వెయ్యి చొప్పున తీరుతోందనుకుంటే బాకీ 12000, 11000, ... చివరి నెల 1000. సగటు 6500. 1200ని 6500తో భాగిస్తే 18 శాతం దాటుతుంది.

తర్వాత నెలవారీ బాకీ పట్టిక వేయించండి. నాలుగు గడులు: నెల మొదట బాకీ, వడ్డీ (ఏడాదికి 18 అనుకుంటే నెలకు 1.5 శాతం), వాయిదా, నెలాఖరు బాకీ. మొదటి వరుస 12000, 180, 1100, 11080. రెండోది 11080, 166.20, 1100, 10146.20. ఎక్కువమంది చేసే తప్పు, రెండో వరుసలోనూ వడ్డీ 180 అనే రాయడం. నాలుగు వరుసలు చేత్తో, మిగతావి కాలిక్యులేటర్‌తో చేయిస్తే ఒక పీరియడ్‌లో అయిపోతుంది.

పొదుపుకు చక్రవడ్డీ: 1000 మీద 10 శాతం చొప్పున 1100, 1210, 1331. బారువడ్డీ అయితే 1300. ఆ 31 ఎక్కడిదో విడగొట్టి చూపమనండి. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు రెట్టింపయ్యే ఏళ్లు వస్తాయన్న చిట్కా కూడా నేర్పొచ్చు (1494 నాటికే ఇటలీ గణితజ్ఞుడు లూకా పాచోలి రాసిపెట్టాడు). 6 శాతానికి 12 ఏళ్లు, బాగా సరిపోతుంది. 36 శాతానికి 2 ఏళ్లంటుంది, కానీ నిజంగా అప్పటికి 1.85 రెట్లే అవుతుంది. ఎక్కడ పనిచేయదో కూడా చూపించాలి.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలండి. పట్టిక చివరిదాకా వేశాను, 12వ వాయిదా కట్టాక కూడా 2 పైచిలుకు బాకీ చూపిస్తోంది. లెక్క తప్పిందా?

జవాబు (అసలు, వడ్డీ)

తప్పలేదండి. నిజంగా పడే వడ్డీ నెలకు 1.5 శాతం కంటే వెంట్రుకవాసి తక్కువ, ఆ తేడా 12 నెలలూ పోగై 2 అయింది. పిల్లలకు ముందే చెప్పకండి. 1.49తో, 1.5తో రెండుసార్లు వేయించి, సున్నా ఈ రెండింటి మధ్య ఎక్కడొస్తుందో వెతకనివ్వండి.