చమురు వదిలేశాక పట్టుకోవడానికి ఏముంది?

పాతబ్యారెల్:
ప్రపంచం రోజుకి సుమారు 10 కోట్ల బ్యారెళ్ల చమురు తాగుతోంది. బ్యారెల్ అంటే 159 లీటర్లు. లీటరు డీజిల్లో దాదాపు 10 యూనిట్ల కరెంటుకి సమానమైన శక్తి ఉంటుంది. ఇదంతా ఎండతోనూ గాలితోనూ పూడుస్తామంటే నవ్వొస్తోంది. చమురు మానాలి, కాదనను. మానేసి ఏం చేస్తారో చెప్పండి.

లెక్కలమాస్టారు:
మీ లెక్కలో ఒక మెలిక ఉందండీ. ఆ శక్తిలో చక్రం దాకా వచ్చేదెంత? గంటసేపు నడిపిన కారు ఆపి బోనెట్ మీద చెయ్యి పెట్టండి, చురుక్కుమంటుంది. ఆ వేడంతా మీరు పోయించిన పెట్రోలే! పెట్రోలు కారులో దగ్గరదగ్గర నాలుగింట మూడొంతులు ఇలా రేడియేటర్లోంచీ సైలెన్సర్లోంచీ పోతుంది. ఎలక్ట్రిక్ మోటారైతే తీసుకున్న కరెంటులో 85-90 శాతం తిప్పడానికే వాడుతుంది. అంటే చమురులో ఉన్న శక్తంతా మనం పుట్టించక్కర్లేదు, అది చేసే పని జరిగితే చాలు. నార్వేలో 2024లో అమ్మిన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే. (ఆ దేశమే బయటివాళ్లకి చమురు అమ్ముకుంటోంది, అది వేరే తమాషా.)

గాలిమర:
"ఎలాగూ అయిపోతుంది కదా" అని కూర్చునేవాళ్లకి ఒక మాట. 1956లో షెల్ అనే చమురు కంపెనీలో పనిచేసే హబర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, అమెరికా చమురు ఉత్పత్తి 1970 ప్రాంతంలో శిఖరానికి చేరి పడిపోతుందన్నాడు. 1970లో అచ్చం అలాగే జరిగింది. తీరా షేల్ అనే రాతిపొరలు పగలగొట్టి వాటిలోని చమురు తియ్యడం మొదలయ్యాక, 2018లో ఆ పాత రికార్డు కూడా దాటేశారు. కాబట్టి బావి ఎండే దాకా చూద్దామనకండి. ఉన్నదంతా కాలిస్తే భూమి వేడెక్కిపోతుంది, ఆ వేడికి మనం తట్టుకోలేం, ఆపాల్సింది అందుకు.

కొత్తచేరిక:
మరి బ్యాటరీలకి కోబాల్ట్ అనే లోహం తవ్వడం పాపం కాదా?

గాలిమర:
పాపమే. కానీ ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీల్లో అసలు కోబాల్టే ఉండదు. పైగా పాడైన బ్యాటరీ నుంచి లోహాన్ని మళ్లీ తియ్యొచ్చు. పొగగొట్టంలోంచి పోయిన పెట్రోలుని వెనక్కి తెచ్చినవాడిని చూపించండి.

పాతబ్యారెల్:
కార్ల వరకూ ఒప్పుకుంటున్నా మాస్టారూ. విమానం మాటేంటి? కిలో జెట్ ఇంధనంలో దాదాపు 12 యూనిట్లు, కిలో లిథియం బ్యాటరీలో సుమారు పావు యూనిట్. మీరు చెప్పిన వృథా తీసేసినా పది రెట్లకి పైనే తేడా. ఇంధనం కాలేకొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా దిగేదాకా అదే బరువు.

లెక్కలమాస్టారు:
అక్కడ మీదే గెలుపు. దూరప్రయాణాల విమానాలకి ద్రవ ఇంధనం తప్పేలా లేదు. హైడ్రోజన్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ కలిపి చెయ్యొచ్చు గానీ అది కరెంటుని విపరీతంగా మింగుతుంది. అయినా ఆ ఒక్కటీ చూపించి రోడ్డు మీద కార్లన్నీ ఇంకో ముప్పయ్యేళ్లు పెట్రోలు తాగాలంటారా?

పాతబ్యారెల్:
అలా అన్లేదు. లారీల సంగతి రేపు తేలుద్దాం.