జాంగోలో టెంప్లేట్లు, సీఎస్ఎస్ ఫైళ్ళు ఎక్కడ పెడతన్నారు? ఒక యాప్ పేజీ బదులు ఇంకోటి వస్తంది

నాగావళి_గట్టు:
అందరికీ నమస్తే, మాది శ్రీకాకుళం. పలాసలో మా మావయ్యకి జీడిపప్పు వ్యాపారం, ఆర్డర్లు తీసుకోడానికి జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) సైట్ చేస్తన్నాను. షాప్ అని ఒక యాప్ (సైట్‌లో ఒక భాగం), ఆర్డర్స్ అని ఇంకోటి, రెండిట్లోనూ టెంప్లేట్స్ (పేజీల హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళు) ఫోల్డర్‌లో హోమ్.హెచ్‌టీఎంఎల్ ఉంది. ఆర్డర్స్ పేజీ ఓపెన్ చేస్తే షాప్ హోమే వస్తంది, ఎర్రర్ ఏటీ లేదు, బ్రౌజర్ కాష్ అంతా తీసీసినా అంతే. ఇంకోటి, అడ్మిన్ (సైట్ నిర్వహణ పేజీ) పైన జాంగో పేరు బదులు షాపు పేరు, మా రంగు ఉండాలంట మావయ్యకి. జాంగో ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోనే ఆ అడ్మిన్ ఫైల్ మార్చీవచ్చా?

కోట_జంక్షన్:
అక్కడ మాత్రం ముట్టుకోకండి బాబూ, రేపు జాంగో అప్‌గ్రేడ్ చేస్తే మీరు మార్చిందంతా పోతాది. హోమ్ సంగతికొస్తే, జాంగో ముందు సెట్టింగ్స్‌లో డిర్స్ అని ఇచ్చిన ఫోల్డర్లు చూస్తాది, తర్వాత ఇన్‌స్టాల్డ్ యాప్స్ వరసలో ఒక్కో యాప్ చూస్తాది, ఆ పేరుతో మొదట దొరికిందే ఇచ్చేస్తాది. మీ లిస్టులో షాప్ ముందుండుంటాది. అందుకే షాప్/టెంప్లేట్స్/షాప్/హోమ్ అని యాప్ పేరు మళ్ళీ పెట్టాలి, వ్యూలో (పేజీని పంపే పైథాన్ కోడ్) కూడా షాప్/హోమ్ అనే రాయాలి. చూడ్డానికి ఎర్రిగా ఉంటాది గానీ పద్ధతదే, స్టాటిక్ ఫైళ్ళకీ (సీఎస్ఎస్, బొమ్మల్లాంటివి) ఇంతే.

అడ్మిన్‌కి పేరొక్కటే కావాలంటే యూఆర్‌ఎల్స్ ఫైల్‌లో సైట్ హెడర్ మార్చితే చాలు, ఒక్క లైను. రంగులకైతే యాప్‌ల బయట టెంప్లేట్స్/అడ్మిన్‌లో బేస్_సైట్ ఫైల్ కాపీ పెట్టుకుని ఎక్స్‌ట్రాస్టైల్ బ్లాక్‌లో వేరియబుల్స్ మార్చండి, జాంగో 3.2 నుంచి అడ్మిన్ రంగులన్నీ సీఎస్ఎస్ వేరియబుల్సే. ఆ టెంప్లేట్స్ ఫోల్డర్ డిర్స్‌లో ఉండాలి సుమా.

పొందూరు_పైథాన్:
ఒక్క సైట్‌కి యాప్ యాప్‌కీ టెంప్లేట్లు ఎందుకండీ? ఆ యాప్ ఇంకో ప్రాజెక్టులోకి తీసుకెళ్ళేదుంటే సరే. లేదంటే బయట ఒకటే టెంప్లేట్స్, ఒకటే స్టాటిక్, లోపల యాప్ పేర్లతో ఫోల్డర్లు, అన్ని పేజీలకీ మూలమైన బేస్.హెచ్‌టీఎంఎల్ కూడా అక్కడే. ఏ ఫైల్ ఎక్కడుందో వెతుక్కోవక్కర్లేదు.

నాగావళి_గట్టు:
హోమ్ సరిపోయింది, థాంక్సండీ. అన్నీ బయటికే తెచ్చీసాను. ఇప్పుడు సర్వర్‌లో పెట్టి సెట్టింగ్స్‌లో డీబగ్ (సైట్ తయారుచేసేటప్పుడు వాడే మోడ్) ఫాల్స్ చేస్తే సీఎస్ఎస్ మొత్తం పోనాది, తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలే!

పొందూరు_పైథాన్:
డీబగ్ తీసీస్తే జాంగో స్టాటిక్ ఫైళ్ళు ఇవ్వదండి, ఆ పని మనమే ఎవరికో అప్పజెప్పాలి. స్టాటిక్‌ఫైల్స్_డిర్స్ అంటే మీరు రాసుకునే ఫోల్డర్, స్టాటిక్_రూట్ అంటే కలెక్ట్‌స్టాటిక్ కమాండ్ కొట్టినప్పుడు అన్నీ వచ్చి పడే ఫోల్డర్, రెండూ ఒకటే ఇస్తే ఊరుకోదు. రూట్‌లో చేత్తో ఏదీ మార్చకండి, గిట్‌లోనూ పెట్టకండి. చిన్న సైటే కదా, వైట్‌నాయిస్ (స్టాటిక్ ఫైళ్ళు ఇచ్చే పైథాన్ ప్యాకేజీ) చాలు, సెట్టింగ్స్‌లో మిడిల్‌వేర్ లిస్టులో సెక్యూరిటీ లైన్ కిందనే పెట్టండి.

కోట_జంక్షన్:
ఏ సీఎస్ఎస్ ఎక్కడ్నుంచి తీసుకుంటందో తెలీకపోతే ఫైండ్‌స్టాటిక్ కమాండ్ కొట్టండి, దొరికిన చోట్లన్నీ చూపిస్తాది, పైనున్నదే వాడతాది.