కొత్త ప్రొడక్ట్ వచ్చిన ప్రతిసారీ హ్యాజాప్ మొదటి నుంచి చేయాల్సిందేనా?

బొల్లారం ప్రాసెస్:
మా బల్క్ డ్రగ్ ప్లాంట్‌లో నడుస్తున్న పంచాయితీని ఇక్కడికి తెస్తున్నా. ఒక బ్లాక్‌లో 5 కిలోలీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్ ఉంది. వేరే ఇంటర్మీడియట్ (మందు తయారీలో మధ్య దశ పదార్థం) కోసం నిరుడే దానికి హ్యాజాప్ అయింది. ఇప్పుడు అందులోనే గ్రిగ్నార్డ్ (మెగ్నీషియంతో చేసే, వేడి బాగా పుట్టే రియాక్షన్) పెట్టబోతున్నాం. ప్రొడక్షన్ హెడ్ గారు, "రియాక్టర్ అదే, కండెన్సర్ అదే, చల్లబరిచే బ్రైన్ అదే. పాత షీట్‌లో మారినవి దిద్ది సంతకాలు పెట్టించండి" అంటున్నారు. సేఫ్టీ వాళ్లేమో మూడు రోజులు కూర్చోవాల్సిందే అంటున్నారు.

ఫీల్డ్‌కి కొత్తగా వచ్చినవాళ్ల కోసం: ప్రాసెస్‌ను చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ప్రతి భాగంలో ఫ్లో, టెంపరేచర్, ప్రెషర్ లాంటివాటికి "లేదు, ఎక్కువ, తక్కువ, వెనక్కి" అనే మాటలు తగిలించి, అలా జరిగితే కారణం ఏమిటి, ఫలితం ఏమిటి, ఆపేది ఏది అని టీమంతా కూర్చుని అడగడమే హ్యాజాప్.

ఎవరి మాటలో న్యాయం ఉందో చెప్పండి.

పాత ప్రొడక్షన్:
నేను మీ హెడ్ గారి వైపే. మల్టీపర్పస్ బ్లాక్‌లో ఏడాది పొడవునా ప్రొడక్ట్‌లు మారుతూనే ఉంటాయి. ప్రతిదానికీ మూడు రోజులు కూర్చుంటే ప్లాంట్ నడిపేది ఎవరు? పైగా హ్యాజాప్ పుట్టింది 1960లలో బ్రిటన్‌లోని ఐసీఐ అనే కెమికల్ కంపెనీలో, నిరంతరం నడిచే పెద్ద ప్లాంట్ల కోసం. బ్యాచ్ రియాక్టర్‌కి ఒక చెక్‌లిస్ట్, మారినవాటికి చేంజ్ కంట్రోల్ (మార్పును రాసి ఆమోదం తీసుకునే పద్ధతి) ఉంటే చాలు. ఇంకో మాట: మూడో రోజు మధ్యాహ్నానికి టీమ్‌లో సగం మంది ఫోన్లు చూసుకుంటుంటారు. అప్పుడు రాసిన పేజీలకి విలువేమిటి?

కెలోరిమీటర్:
మూడో రోజు మధ్యాహ్నం సంగతి నిజమే సర్, ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను. బ్యాచ్‌కి పనికిరాదన్నది పాత మాట. హ్యాజాప్ పద్ధతికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61882లో "ముందుగా, ఆలస్యంగా, దానికంటే ముందు, దాని తర్వాత" అనే మాటలు కూడా ఉన్నాయి. అవి బ్యాచ్ స్టెప్పులకి అతికినట్టు సరిపోతాయి.

ఇక అసలు విషయం, గ్రిగ్నార్డ్. టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్‌లో మెగ్నీషియం వేసి, దానితో రియాక్ట్ అయ్యే హ్యాలైడ్ కొద్దిగా పోసి, రియాక్షన్ మొదలైందని టెంపరేచర్ చూసి నిర్ధారించుకున్నాకే మిగతాది పోయాలి. టీహెచ్‌ఎఫ్‌లో తేమ ఉంటే మొదలవడం ఆలస్యమవుతుంది. "ఇనిషియేషన్ – ఆలస్యంగా" అని షీట్‌లో ఒక వరుస రాసి చూడండి. ఆపరేటర్ ఆగకుండా పోస్తూ ఉంటాడు, హ్యాలైడ్ పోగవుతుంది, చివరికి రియాక్షన్ అందుకున్నప్పుడు వేడంతా ఒకేసారి బయటికొస్తుంది. టీహెచ్‌ఎఫ్ 66 డిగ్రీలకే మరుగుతుంది. మీ కండెన్సర్ ఆ ఆవిరిని పట్టగలదా? నిరుటి షీట్‌లో ఈ ప్రశ్నే లేదు, ఎందుకంటే నిరుటి కెమిస్ట్రీలో పోగయ్యేదేమీ లేదు కాబట్టి.

"బ్రైన్ అదే" అన్నారు. బ్రైన్ అంటే ఉప్పు నీళ్లే కదా. ఆ నీళ్లు తిరిగే జాకెట్‌కి (రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగుకి) సన్నని చిల్లు పడితే నిరుడు బ్యాచ్ పోయేది, అంతే. ఈసారి ఆ నీళ్లు గ్రిగ్నార్డ్ మాస్‌లోకి, అంటే రియాక్టర్‌లోని మిశ్రమంలోకి వెళ్తే వేడి, మండే గ్యాసు రెండూ పుడతాయి. నిరుడు సేఫ్‌గార్డ్ (ప్రమాదాన్ని ఆపేది) అని రాసిన బ్రైనే ఈసారి కారణాల కాలమ్‌లోకి వస్తుంది. ప్రొడక్ట్ పేరు మారిస్తే ఈ కాలమ్ దానంతట అదే మారదుగా!

షిఫ్ట్ ఇన్‌చార్జి:
మీ హ్యాజాప్ గదిలోకి మమ్మల్ని ఎవరూ పిలవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. రాత్రి రెండింటికి ఆజిటేటర్ (రియాక్టర్‌లో కలిపే యంత్రం) ట్రిప్ అయి ఆగిపోయింది అనుకోండి. ఏం చేస్తావని ఏ ఆపరేటర్‌నైనా అడగండి, "మళ్లీ స్టార్ట్ చేస్తా సర్" అంటాడు. గ్రిగ్నార్డ్‌లో అదే కొంప ముంచుతుంది. కలపడం ఆగితే మెగ్నీషియం అడుక్కి చేరుతుంది, పోసిన హ్యాలైడ్ పైన ఉండిపోతుంది, బటన్ నొక్కగానే రెండూ ఒక్కసారిగా కలుస్తాయి. షీట్‌లో ఏమని రాస్తారో కూడా నాకు తెలుసు: "ఆపరేటర్ డోసింగ్ (హ్యాలైడ్ పోయడం) ఆపుతాడు". ఏ ఆపరేటర్? మూడు రియాక్టర్లు చూసుకుంటూ, డ్రమ్ముల చార్జింగ్ కూడా తనే చేసుకునే ఆపరేటరా?

న్యూజెర్సీ నుంచి:
ఇక్కడి అమెరికా కేసు ఒకటి చెప్తాను, ఈ చర్చకి సరిగ్గా వర్తిస్తుంది. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టీ2 ల్యాబొరేటరీస్ అని చిన్న కంపెనీ. సోడియం లోహంతో ఒక పెట్రోల్ సంకలితం చేసేవారు. 2007 డిసెంబర్ 19న రియాక్టర్ పేలి నలుగురు చనిపోయారు. అది 175వ బ్యాచ్. 42వ బ్యాచ్ దగ్గరే బ్యాచ్ సైజును దాదాపు మూడో వంతు పెంచారు. కూలింగ్ అంతా ఒకే నీటి లైన్ మీద నడిచేది, అది పోతే ఇంకో దారి లేదు. హ్యాజాప్ చేయాలని డిజైన్ దశలోనే కన్సల్టెంట్ చెప్పినా చేసిన దాఖలా లేదని కెమికల్ సేఫ్టీ బోర్డు తేల్చింది. "ఇన్ని బ్యాచ్‌లు బాగానే వచ్చాయి కదా" అనేవాళ్లకి ఆ 174 బ్యాచ్‌ల సంగతి చెప్పండి.

ఇక్కడి ఓషా (కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నియమం ప్రకారం ప్రమాద విశ్లేషణను కనీసం 5 ఏళ్లకోసారి తిరిగి సరిచూడాలి. ఈలోగా కెమిస్ట్రీ మారితే చేంజ్ మేనేజ్‌మెంట్ కింద అప్పుడే చూడాలి. 5 ఏళ్ల వరకు షీట్ ముట్టుకోనక్కర్లేదని దానర్థం కాదు.

పాత ప్రొడక్షన్:
టీ2 వాళ్లు అసలు చేయనే లేదు. ఇక్కడ బ్లాక్‌కి ఒకసారి అయింది. ఆ తేడా చూడండి. రియాక్టర్, యుటిలిటీలు, వెంట్ లైన్లు, డీజిల్ జనరేటర్ ఇవన్నీ ఒకసారి గట్టిగా చేసి పెట్టుకుని, ప్రొడక్ట్ మారినప్పుడు కెమిస్ట్రీ స్టెప్పులు మాత్రమే చేస్తే మూడు రోజుల పని ఒక రోజులో అయిపోతుంది. నేననేది అదే.

కెలోరిమీటర్:
మొదటి పోస్టులో మీరు అన్నది చెక్‌లిస్ట్ చాలని. ఇప్పుడు చెప్పినదానికి నేను సై. ఒక్క షరతు: పాత షీట్‌లోని ప్రతి సేఫ్‌గార్డ్‌నీ కొత్త కెమిస్ట్రీ ముందు మళ్లీ నిలబెట్టాలి. రప్చర్ డిస్క్ (ప్రెషర్ పెరిగితే పగిలి ఆవిరిని వదిలే రేకు) ఉందని రాస్తే సరిపోదు, ఈ రియాక్షన్ అదుపు తప్పితే వచ్చే ఆవిరికి ఆ సైజు చాలుతుందా అని లెక్క వేయాలి. ఆ లెక్కకి కెలోరిమీటర్ డేటా (రియాక్షన్‌లో ఎంత వేడి పుడుతుందో కొలిచిన లెక్కలు) కావాలి. ఆర్ అండ్ డీ నుంచి అది రాకముందే సెషన్ పెడితే ఊహల మీద రాసినట్టే.

విశాఖ ఇన్‌స్ట్రుమెంట్:
ప్రొడక్ట్ మారితేనే ప్రమాదం అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. 2020 మే 7 తెల్లవారుజామున మా విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో జరిగిన గ్యాస్ లీకులో ప్రొడక్ట్ మారలేదు. అదే ఎల్‌జీ పాలిమర్స్, అదే ట్యాంకు, అదే స్టైరీన్ (ప్లాస్టిక్‌కి వాడే, నిల్వలో తనంతట తానే వేడెక్కగల ద్రవం). లాక్‌డౌన్‌లో సరుకు కదలకుండా ఉండిపోయింది. టెంపరేచర్ చూసే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉందని, సర్క్యులేషన్ పైపింగ్‌లో చేసిన మార్పుతో సరిగా కలవడం లేదని ప్రభుత్వ హైపవర్ కమిటీ రాసింది. పైన వేడెక్కుతుంటే కింద చల్లగానే చూపిస్తుంది మరి. పన్నెండు మంది పోయారు. అందుకే "టెంపరేచర్ ఎక్కువ" అని రాసిన ప్రతి చోటా నా ప్రశ్న ఒకటే: ఎక్కడి టెంపరేచర్?

పాత ప్రొడక్షన్:
అది స్టోరేజీ ట్యాంకు తమ్ముడూ, బ్యాచ్ రియాక్టర్ కాదు. ఇక్కడ కలిపేయకు.

విశాఖ ఇన్‌స్ట్రుమెంట్:
కలపడం లేదు సర్. ఆ 5 కిలోలీటర్ల రియాక్టర్‌లో థర్మోవెల్ (టెంపరేచర్ సెన్సర్ ఉండే గొట్టం) ఎంత లోతుకి దిగిందో కనుక్కోమంటున్నా. ఇనిషియేషన్ అప్పుడు మాస్ తక్కువగా ఉంటుంది. థర్మోవెల్ కొస దాకా మాస్ రాకపోతే, మొదలైందో లేదో చూసేది గాలి టెంపరేచర్‌లోనే.

బొల్లారం ప్రాసెస్:
ఈ మాటకి ఇప్పుడే డ్రాయింగ్ తీసి చూశాను. ఇనిషియేషన్ వాల్యూమ్ దగ్గర కొస మునగదు. ప్రొడక్షన్ హెడ్ గారికి చూపిస్తే చాలాసేపు చూసి, "సరే, కెమిస్ట్రీ స్టెప్పులన్నీ మొదటి నుంచి పెట్టండి, యుటిలిటీలకి పాతది వాడండి" అన్నారు. బ్రైన్ విషయం మాత్రం ఇంకా తెగలేదు. జాకెట్‌లోకి నీళ్లు లేని థర్మిక్ ఫ్లూయిడ్ పెట్టాలంటే ఖర్చు అంటున్నారు. ఆజిటేటర్ ట్రిప్ అయితే డోసింగ్ వాల్వ్ దానంతట అదే మూసుకునే ఇంటర్‌లాక్‌కి ఒప్పుకున్నారు.

షిఫ్ట్ ఇన్‌చార్జి:
ఇంటర్‌లాక్ పెడితే దాన్ని పనిచేయకుండా పక్కనపెట్టే బైపాస్ కీ ఎవరి దగ్గర ఉంటుందో కూడా షీట్‌లో రాయించండి. సెషన్ పొద్దున పదింటికి పెట్టకండి, మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ మారేటప్పుడు పెడితే దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఇద్దరూ దొరుకుతారు. ఓవర్‌టైమ్ మాత్రం ఇవ్వాలి మరి.