ఇంగ్లాండ్‌లో సెటిల్ రైల్వే స్టేషన్ చూసినవాళ్లు కాస్త చెప్పండి
అమ్మానాన్న లీడ్స్‌లో మా దగ్గరికి వచ్చారు. నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయనకి 1876లో మిడ్లాండ్ రైల్వే తెరిచిన సెటిల్ స్టేషన్ చూపిద్దామని ఉంది. రిబుల్‌హెడ్‌లోని 24 కమానుల వంతెన రిపేరు ఖర్చు చూపించి 1980ల్లో సెటిల్ మీదుగా కార్లైల్ వెళ్లే ఆ రైల్వే లైన్నే మూసేయబోయారు, జనం పట్టుబట్టి 1989లో నిలబెట్టుకున్నారు అంటే ఆయన మొహం వెలిగిపోయింది.

లీడ్స్ నుంచి నార్తర్న్ కంపెనీ రైలు నేరుగా ఉంది, ఆ టెన్షన్ లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. తిరుగు రైలుకి ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కక తప్పదా? సిబ్బందిని అడిగితే పట్టాల మీదుగా దాటిస్తారా? పాత సిగ్నల్ క్యాబిన్‌లో లీవర్లు నాన్నగారిని లాగనిస్తారా? (ఆయన అడగకుండా ఊరుకోరు!) అదే రోజు రిబుల్‌హెడ్ కూడా కుదురుతుందా? పులిహోర కట్టుకెళ్తాం, కూర్చుని తినడానికి వెయిటింగ్ రూమ్ తెరిచి ఉంటుందా?