స్కోర్ అయ్యాక రీల్ మారింది, బీజీఎం ఎక్కడ కోయాలి?

ప్రశ్న: మ్యూజిక్ ఎడిటర్‌గా నాకు తొలి సినిమా. రికార్డింగ్ అయ్యాక ఒక సీన్లో 2 సెకన్ల 12 ఫ్రేములు లేపేశారు. పిక్చర్ సెకనుకు 24 ఫ్రేములు, క్యూ (ఆ సీన్ మ్యూజిక్ ముక్క) 96 బీపీఎం (నిమిషానికి 96 బీట్లు), 4/4 (బార్‌కు నాలుగు బీట్లు). కట్ ఎక్కడ పెట్టాలండీ?

జవాబు 1: అదృష్టవంతులు! 96లో బీటుకు 15 ఫ్రేములు. పోయినవి 60, అంటే కచ్చితంగా ఒక బార్. డైలాగ్ కింద నడిచే బార్ తీసేయండి, హిట్ పాయింట్ (మ్యూజిక్ సరిగ్గా పిక్చర్‌తో కలిసి కొట్టాల్సిన చోటు) ముందుది ముట్టుకోవద్దు. కట్‌కి అటూ ఇటూ కార్డ్స్ (కలిసి మోగే స్వరాలు) కలుస్తున్నాయో లేదో వినండి.

జవాబు 2: స్టీరియో మిక్స్ మీద మాత్రం కోయకండి, స్టెమ్స్ (వాద్యాల గుంపులవారీగా విడివిడి ట్రాకులు) అడగండి. పర్కషన్ డౌన్‌బీట్ (బార్‌లో మొదటి బీటు) మీద, స్ట్రింగ్స్ అర బీటు అటో ఇటో, పొడుగు క్రాస్‌ఫేడ్‌తో (ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరుగుతూ) కోయండి. అన్నీ ఒకేచోట తెగితే రివర్బ్ తోక (శబ్దం ఆగాక మిగిలే గుంజాటం లాంటి మోత) ఊడి అతుకు దొరికిపోతుంది. ఫైనల్ మిక్సింగ్‌కి పంపేముందు కంపోజర్‌గారికి వినిపించండి, అది మర్యాదే కాదు, పని కూడా.

ప్రశ్న వేసినవారు: స్టెమ్స్ ఉన్నాయి. కానీ రీల్ చివరికి వచ్చేసరికి ఇంకాస్త జారుతోంది.

జవాబు 1: అది కట్ తప్పు కాదు. ఎక్కడో సెకనుకు 23.976 ఫ్రేముల లెక్క, 24 లెక్క కలిసిపోయాయి. 10 నిమిషాలకు దాదాపు 14 ఫ్రేములు తేడా వస్తే అదే. సెషన్ సెట్టింగ్ చూడండి.