ఇగ్నిషన్ కాయిల్ బూటు (కాయిల్ కింద ఉండే రబ్బరు గొట్టం) స్పార్క్ ప్లగ్‌కి అతుక్కుపోయింది, తెగకుండా ఎలా తీయాలి?

నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, ఒక్కో ప్లగ్‌కి స్పార్క్ కోసం కరెంటు ఇచ్చే కాయిల్ ఒక్కోటి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేసి, కనెక్టర్ల లాక్‌లు విరగకుండా మెల్లగా నొక్కి ఊడదీసి, బోల్టులు విప్పాను. మూడు కాయిల్స్ కాస్త అటూ ఇటూ తిప్పి నిటారుగా లాగితే వచ్చేశాయి కానీ నాలుగోది మాత్రం తల తిరుగుతోంది గానీ కింద రబ్బరు బూటు అస్సలు కదలట్లేదు, ఇంకా గట్టిగా లాగితే అది తెగి ముక్క ప్లగ్ కూర్చునే గుంతలోనే ఉండిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. గుంత అంచున ఆయిల్ తడి కూడా ఉంది, వాల్వ్ కవర్ (ఇంజిన్ పైమూత) సీలు కారుతోందేమో. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే ప్లాస్టిక్ పగులుతుంది కాబట్టి ఆ పని చేయను. బూటు చుట్టూ సిలికాన్ స్ప్రే కొట్టి కాసేపు ఆగితే వదులవుతుందా? ఒకవేళ తెగితే ఆ ముక్కని దేంతో పట్టి తీయాలి? ఇలాంటిది తీసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.