ఉద్దానం తోటల మీదుగా సముద్రానికి నడక: ఏ వేళకు బయలుదేరాలి?

ప్రశ్న:
సంక్రాంతి సెలవులకు ఇంటిల్లిపాదీ పలాస వస్తున్నాం. అరవై రెండేళ్ల మా అమ్మగారు, ఎనిమిదేళ్ల మా అబ్బాయి కూడా ఇబ్బంది లేకుండా నడవగలిగేలా, తోటల నీడన సాగి అక్కుపల్లి వైపు సముద్రపు ఒడ్డుకు చేరాలని ఉంది. చీకటితోనే బయలుదేరి ఒడ్డున సూర్యోదయం చూడాలనుకుంటున్నాం. ఇది సాధ్యమేనా?

జవాబు:
చోటు మంచిదేనండీ, వేళ మాత్రం మార్చుకోండి. నేల చదును కనుక నడక కష్టం కాదు గానీ, ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, అవి ఎక్కువగా బయటకు వచ్చేది సాయంచీకటి మొదలు తెల్లవారే వరకే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒక రైతు ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. జీడిపళ్లు, పనసపళ్లు పండే వేసవిలో భయం ఎక్కువైనా, చీమలు, చెదలు తినే జంతువు కాబట్టి మిగతా నెలల్లోనూ ఏమరుపాటు పనికిరాదు. అందుచేత సూర్యోదయానికి రోడ్డు మీదుగా బండిలోనే ఒడ్డుకు వెళ్లి, ఎండ బాగా పరుచుకున్నాక, ఎనిమిది దాటాక తోటల్లోకి నడవండి. ఊళ్లో తెలిసినవారిని ఒకరిని వెంటబెట్టుకుని, మాట్లాడుకుంటూ నడవడం మేలు. తోటలు రైతులవి, అడిగి వెళ్లడం మర్యాద కూడా.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వేల కొబ్బరి చెట్లను కూల్చింది గనుక దారి పొడవునా నీడ దొరుకుతుందని ఆశించకండి. అమ్మగారికి గొడుగు, అందరికీ మంచినీళ్లు తప్పనిసరి. ఒడ్డు దగ్గరపడ్డాక సరుగుడు తోపు (మన వైపు సరివి అంటారు) వస్తుంది. ఎండిన సరివాకు ఇసుక మీద మెత్తగా పరుచుకుని, చెప్పు కింద జారుతుంది. తర్వాత వదులు ఇసుకలో కిలోమీటరు నడక రెండు కిలోమీటర్లంత అలసట ఇస్తుంది కాబట్టి, మొత్తం దూరం రెండు కిలోమీటర్లు మించకుండా చూసుకోండి.

ప్రశ్నించినవారు:
చాలా ధన్యవాదాలండీ. బాబు సముద్రంలో దిగుతానంటున్నాడు. తాబేళ్లు కూడా కనిపిస్తాయని విన్నాం, నిజమేనా?

మరొకరి జవాబు:
దిగడం వరకే, అదీ మీరు చెయ్యి పట్టుకుని, మోకాళ్ల లోతు దాటకుండా. ఇక్కడ అలలు ఒడ్డు దగ్గరే విరుగుతాయి, వెనక్కి లాగే నీటికి పాదాల కింది ఇసుక ఒక్కసారిగా కదిలిపోతుంది.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళల్లో మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. పగలు మీకు కనిపించేది ఇసుక మీద వాటి అడుగుల చాళ్లు మాత్రమే. దురదృష్టవశాత్తు వలల్లో చిక్కి చచ్చి కొట్టుకువచ్చినవి కూడా ఉండవచ్చు, బాబును ముందే సిద్ధం చేయండి. ఎక్కడైనా గుడ్లు కనిపిస్తే తాకకుండా అటవీశాఖ వారికి కబురు చేయండి. ఆరబెట్టిన వలలు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లండి, వలలు తొక్కితే మత్స్యకారులు అస్సలు సహించరు.